లాభం లేదని ఎవరు చెప్పాలి

మా బావమరిది నా షాపు అడిగాడు. ఊరికే కాదు, కొనుక్కుంటానన్నాడు. ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే సంతోషించేవాణ్ణి.

మాది సంచులూ పెట్టెలూ బాగుచేసే షాపు. బస్సులు ఆగే చోటికి ఎదురు సందులో ఉంటుంది. జిప్పు ఊడినవి, పిడి తెగినవి, చక్రం విరిగినవి, అడుగు చిరిగినవి మా దగ్గరికి వస్తాయి. జనం సంచి చిరిగినప్పుడు రారు. ఊరెళ్లే పూట వస్తారు. వచ్చి, బస్సు కదిలిపోతోందని మన మీద అరుస్తారు. షాపు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముందు బల్ల, బల్ల వెనక చెక్క అడ్డు, అడ్డుకి అవతల తోలు కుట్టే మిషను. తీగకి గుచ్చిన చక్రాలు గోడకి వేలాడుతుంటాయి. అంతా బంక వాసన. మిషను దగ్గర నేను కూర్చుంటాను. బల్ల దగ్గర నా భార్య ఉండేది. ఆమె పోయాక ఆమె తమ్ముడు కూర్చుంటున్నాడు.

వాడికి యాభై దాటాయి. అయినా బుడ్డోడే. మా పెళ్లినాటికి నిక్కరు వేసుకునేవాడు. "మా బుడ్డోణ్ణి కూడా తీసుకెళ్దామండీ" అంది నా భార్య. తీసుకొచ్చాం. ఆ తర్వాత వాళ్లవాళ్లెవరూ వాణ్ణి వెనక్కి అడగలేదు. వాళ్లు అలాంటివాళ్లు. మాకు పిల్లలు లేరు. బుడ్డోడున్నాడు. పెళ్లి చేసుకోరా అంటే, "మీ ఇద్దర్నీ రోజూ చూస్తున్నాగా బావా, ధైర్యం చాలట్లేదు" అన్నాడు. వాళ్లక్క చేతిలో ఉన్న సంచితోనే వీపు మీద ఒకటేసింది.

నాకిప్పుడు సూది బెజ్జం కనపడటం లేదు. మోకాళ్లు మాట వినటం లేదు. షాపు అమ్మేద్దామనుకున్నాను. పక్క షాపులో కొత్త సూట్‌కేసులు అమ్ముతాడు, అతన్ని అందరూ పెట్టెలాయన అంటారు. గోడ కొట్టేసి రెండూ ఒకటి చేసుకోవాలని అతనికి ఎప్పట్నించో ఆశ. మంచి ధర చెప్పాడు. శనివారం కాగితాల మీద సంతకం పెట్టమన్నాడు. పెడతానన్నాను.

ఆ సాయంత్రం బుడ్డోడు చెక్క అడ్డు పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"బావా, షాపు నాకియ్యి. నెలనెలా కట్టుకుంటా."

"నీకెందుకురా షాపు?"

"కావాలి."

"అదే, ఎందుకూ అంటున్నా."

నీళ్లు నమిలాడు. "జనానికి పనికొస్తుంది కదా."

"జనానికి నువ్విప్పుడూ పనికొస్తున్నావు. దానికి ఓనరవ్వక్కర్లేదు."

"అక్క కూర్చున్న చోటు…"

"మీ అక్క పేరెత్తావంటే ఈ బల్ల విరగ్గొట్టి పొయ్యిలో పెడతా."

"మరి నేనెక్కడికెళ్లను?"

"పెట్టెలాయన జీతానికి పెట్టుకుంటాడు. అడిగా."

"అడిగావా!" అన్నాడు. వెళ్లి బల్ల తుడిచాడు. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచాడు.

షాపు ఎందుకు పెడతారు? లాభానికి. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. సేవకి పెట్టామని చెప్పుకునేవాళ్లని చూశాను. ఏడాది తిరక్కుండా తలుపులు మూశారు, సేవ కూడా అక్కడితో సరి. పన్ను కట్టాలి, కరెంటు కట్టాలి, దారం కొనాలి, బంక కొనాలి. అన్నీ పోగా చేతిలో ఏదో ఒకటి నిలిస్తేనే మర్నాడు తలుపు తీసేది. వాడి చేతికి ఎముక లేదు. నా జేబులోకి పోయే చెయ్యి అది, ఎముక ఉండి ఏం చేసుకుంటుంది? అలాంటివాడి చేతిలో షాపు పెడితే, షాపుతో పాటు వాడూ పోతాడు. నా భయం అది. భయమని వాడికి చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతాడు.

పైగా వాడికి ఒక మాట నోటికి రాదు. మా పనిలో ఆ మాట రానివాడు పనికిరాడు.

కొన్ని సంచులు బాగుపడవు. గుడ్డ చీకిపోయి ఉంటుంది. కుట్టు వేస్తే కుట్టు వెంబడే ఇంకా చిరుగుతుంది. నా భార్య సంచి లోపలి వైపు బయటికి తిప్పి, అతుకు మీద బొటనవేలు ఆనించి నొక్కి చూసేది. తర్వాత తలెత్తి, "దీనికి లాభం లేదండీ. కుట్టు నిలవదు. కొత్తది చూసుకోండి" అనేది. చుట్టాలతో చెప్పినట్టు చెప్పేది. విన్నవాళ్లు కోప్పడేవాళ్లు కాదు. "అంతేనంటావా అమ్మా" అని, సంచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లు.

బుడ్డోడు అన్నీ తీసుకుంటాడు. అడ్వాన్సు కూడా తీసుకుంటాడు. అవన్నీ నా వెనక మూల గుట్టపడ్డాయి. చచ్చిన సంచుల గుట్ట.

"దీనికి లాభం లేదని చెప్పొచ్చు కదరా!" అని అరుస్తాను.

"చెబుదామనే అనుకున్నా బావా. ఆవిడ మొహం చూస్తే నోరు పెగల్లేదు."

"ఆవిడ మొహం కుడతానా నేను? సంచి కుట్టాలి!"

ఆ మాటతోనే, నా భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు, వాడు ఒక పని చేశాడు. డాక్టరు గదిలోంచి వరండాలోకి వచ్చి, "ఇక లాభం లేదండీ" అన్నాడు. నాకు అర్థమైంది. బుడ్డోడు మాత్రం ఆయన వెనకే పరుగెత్తి, చొక్కా చెయ్యి పట్టుకుని ఆపాడు. "లాభం సంగతి మీరు ఆలోచించకండి సార్. మీకెంత కావాలో చెప్పండి. మేం ఇచ్చుకుంటాం. మా అక్కని చూడండి చాలు" అన్నాడు. ఆయనకి ఒక్క ముక్క తలకెక్కలేదు. నాకు ఎక్కింది. ఏళ్ల తరబడి బల్ల పక్కన పెరిగిన చెవులు వాడివి. గిట్టుబాటు కాదని డాక్టరు తప్పుకుంటున్నాడనుకున్నాడు. నేను వెళ్లి వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి తీసుకొచ్చాను. ఆ డాక్టర్ని ఇప్పటికీ క్షమించలేదు. వైద్యం సరిగా చెయ్యలేదని కాదు. విషయం తెలిశాక ఆయన పెదవి చివర నవ్వాడు.

సాయంత్రం ఆమెకి చెప్పాను. డాక్టరు ఏమన్నాడో ఆమెకి అప్పటికే తెలుసు. తమ్ముడు ఏమన్నాడో విని నవ్వింది. నవ్వితే నొప్పి. అయినా ఆపుకోలేకపోయింది. "పిచ్చి సన్నాసి. బేరమాడకుండానే ఇస్తానన్నాడా?" అంది.

ఆమె అయితే నవ్వొచ్చు. ఆ డాక్టరు నవ్వకూడదు.

శుక్రవారం నాడు కటింగుకి వెళ్లాను. మర్నాడు కాగితాల మీద సంతకం పెట్టాలి, మనిషిలా కనపడదామని. కటింగ్ షాపతను ఉతికిన గుడ్డ తీసి మెడకి కట్టాడు. ఇదివరకు వాడేసిన గుడ్డే కట్టేవాడు. పనయ్యాక డబ్బు తీశాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ దగ్గరా? వద్దు బాబాయ్."

"ఎందుకొద్దు?"

"నా సామాన్ల సంచికి పట్టీ వేసిచ్చి మీరు తీసుకున్నారా? వద్దన్నారుగా."

"నేనెప్పుడు వద్దన్నాను?"

"లోపల్నించి అన్నారట. 'మా బావ తీసుకోవద్దంటున్నాడు, ఆయన దగ్గరేంట్రా డబ్బులు అని కోప్పడ్డాడు' అని మీ బావమరిది చెప్పాడు."

బెంచీ మీద పేపరు చదువుతున్న ముసలాయన, రిటైరైన బస్సు డ్రైవరు, పేపరు దించాడు. "మా మనవరాలి స్కూలు బ్యాగు కూడా అంతే. పరీక్షలప్పుడు పిల్లల దగ్గర తీసుకోకూడదన్నారట మీరు. నేనైతే నమ్మలేదు. మీ బావమరిదే చెప్పాడు, మా బావ పైకి గుండ్రాయిలా ఉంటాడు గానీ లోపలంతా వెన్నండీ అని."

"వెన్నా?" అన్నాను.

"వెన్నే అన్నాడు."

డబ్బు కుర్చీలో పడేసి బయటికి వచ్చాను.

ఆమె పోయిన దగ్గర్నించీ ఈ వీధిలో నాకు నమస్కారాలు ఎక్కువయ్యాయి. భార్య పోయినవాడని జాలిపడుతున్నారనుకున్నాను. జాలి నాకు గిట్టదు. అందుకని ఎవరికీ తిరిగి నమస్కారం పెట్టలేదు. ఇప్పుడు తెలిసింది అది జాలి కాదని. జాలే నయం.

షాపుకి వచ్చేసరికి పెట్టెలాయన నా గోడకి టేపు పెట్టి కొలుస్తున్నాడు. టేపు రెండో కొస పట్టుకున్నది బుడ్డోడు. బల్ల మీద పెట్టెలాయనకి తెప్పించిన టీ ఉంది. తన నోటి దగ్గర కూడు లాక్కునేవాడికి టీ తెప్పించి, టేపు కూడా పట్టుకున్నాడు వీడు.

"నా పేరెందుకు పాడుచేశావురా?" అన్నాను.

"నేనేం చేశా బావా?"

"నేను వెన్నా?"

పెట్టెలాయన టేపు వదిలేశాడు. "ఎవరన్నారన్నా ఆ మాట?" అని నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

"డబ్బులు వద్దని వదిలేసేవాడివి నీ పేరు చెప్పుకుని వదిలెయ్. మధ్యలో నా పేరెందుకు?"

"నా పేరెలా చెబుతా? షాపు నాది కాదుగా. వదిలేసేది నీ లాభం. నీ సొమ్ము వదిలేసి పేరు నేను కొట్టేస్తే దొంగతనం కాదూ?"

"నా పేరు చెబితే దొంగతనం కాదా?"

"కాదు. సొమ్ము నీదే, పేరూ నీదే. సరిపోయింది."

వాడు తెలివిగా మాట్లాడటం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది.

"మరి ఆ గుట్ట సంగతేంటి? అవి బాగుపడవని నీకు తెలుసు. లాభం లేదని చెబితే ఎవరి సొమ్మూ పోదు. నాకు చాకిరీ తప్పేది. ఆ మాటకేమొచ్చింది?"

బుడ్డోడు టేపు కొస మెల్లగా గోడ మీంచి తీశాడు.

"ఒకసారి చెప్పా బావా. అక్క పోయిన కొత్తలో. ఒకాయన ఇంత పెద్ద సంచి తెచ్చాడు, ముట్టుకుంటే గుడ్డ పిగిలిపోతోంది. లాభం లేదండీ అన్నా. ఆయనేమన్నాడో తెలుసా? 'మీ ఓనర్ని పిలు. జీతగాడివి, నీకు ఒళ్లొంగదు' అన్నాడు."

"నన్ను పిలవాల్సింది."

"నువ్వొస్తే ఆయన్ని కొట్టేవాడివి."

అది నిజమే.

"ఆ రాత్రంతా దాని గురించే ఆలోచించా" అన్నాడు. "అదే మాట అక్కంటే ఎందుకు నమ్మేవాళ్లు? పని ఒప్పుకుంటే అక్కకి డబ్బులొస్తాయి. వచ్చే డబ్బులు కాదనుకుని చెబుతోంది కాబట్టి నిజమే అయ్యుంటుందనుకునేవాళ్లు. నేనంటే నాకు పోయేదేముంది? నా జీతం నాకొస్తుంది. పని తప్పించుకుంటున్నాననే అనుకుంటారు. ఆ మాట ఓనరనాలి బావా. జీతగాడంటే అది నిజమైనా అబద్ధంలాగే ఉంటుంది."

ఆ షాపు పెట్టింది నేను. లాభం గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. లాభం ఉన్నవాడే లాభం లేదని చెప్పగలడన్న సంగతి నాకు ఎన్నడూ తట్టలేదు. నా భార్యకి తెలిసే ఉంటుంది. నాకు చెప్పలేదు. ఆమె అన్నీ చెప్పే మనిషి కాదు.

"అందుకా షాపు అడిగావు?" అన్నాను.

"అందుకూ. ఇంకోటి కూడా ఉంది."

"ఏంటది?"

"చెబితే తిడతావు."

"చెప్పకపోయినా తిడతా. చెప్పు."

"నాకూ మిగలాలి బావా." నేల వైపు చూస్తూ అన్నాడు. "అక్క గల్లాపెట్టె మూసేటప్పుడు చూశావా? మూతేసి, అరచేత్తో పైన ఒక్కటి కొట్టేది. ఇవాళ్టికి ఇది మనది అన్నట్టు. ఇన్నేళ్లూ పక్కన నిలబడి చూశా. నేనూ కొట్టాలి ఆ దెబ్బ. ఆ తర్వాత అందులోంచి ఎవరికన్నా వదిలేస్తానో, చచ్చినా వదలనో నా ఇష్టం. ఇప్పుడు నేనెంత మంచిగా ఉన్నా అది నీ ఖాతాలోకే పోతోంది."

"అంటే లాభం కోసం."

"ఊఁ."

"మరి మొన్న అడిగితే జనానికి పనికొస్తుందని కథలెందుకు చెప్పావు?"

"లాభం కోసం అనడానికి సిగ్గేసింది. నువ్వేమనుకుంటావోనని."

"నేనా!"

పెట్టెలాయన ఈసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆపుకోమని నేనూ అనలేదు. నా నోట ఆ మాట వింటూ పెరిగినవాడు, నా అన్నం తిన్నవాడు, నా ముందు లాభం అనడానికి సిగ్గుపడ్డాడట. నేను చిన్నబుచ్చుకుంటానేమోనని సేవ పేరు చెప్పాడట. నన్నంత తప్పుగా అర్థం చేసుకున్న మనిషి ఇంకొకడు లేడు.

"టేపు చుట్టేసుకోవయ్యా" అన్నాను పెట్టెలాయనతో.

"అదేంటన్నా! నేనిచ్చేది ఇతనివ్వగలడా?"

"ఒక్కసారే ఇవ్వలేడు. నెలనెలా ఇస్తాడు. అప్పటిదాకా బతికుండి వసూలు చేసుకుంటా."

"లాభం లాభం అంటారు, ఇందులో మీకేం లాభమో చెప్పండి చూద్దాం."

"అది నేను చూసుకుంటా. నీ టీ చల్లారిపోతోంది."

అతను టీ తాగి, టేపు చుట్టుకుని వెళ్లాడు. మంచివాడే. నాకు నచ్చడు.

తర్వాత బుడ్డోణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ధర చెప్పాను. పెట్టెలాయన చెప్పిన ధరే. దమ్మిడీ తగ్గనని కూడా చెప్పాను. వాడు వెంటనే సరే అంటే అప్పటికప్పుడే వీధిలోకి వెళ్లి పెట్టెలాయన్ని వెనక్కి పిలిచేవాణ్ణి. నిజంగానే పిలిచేవాణ్ణి.

వాడు సరే అనలేదు. లేచి నా మిషను దగ్గరికి వెళ్లాడు. కింద తొక్కుడు చెక్క మీద కాలేసి రెండుసార్లు తొక్కాడు. అది మూలిగింది.

"ఇది కూడా ఆ ధరలోనే ఉందా?"

"ఉంది."

"తీసెయ్. దీని కీళ్లు నీ మోకాళ్ల కన్నా అధ్వాన్నం."

"అది పాతకాలపు ఇనుము రా. ఇప్పుడు దొరకదు."

"దొరకదు కాబట్టే విరిగితే ముక్క కూడా దొరకదు. తీసెయ్."

మిషను ధర తీసేశాను.

"ఇంకోటి. ఆ గుట్టలో ఉన్నవాటికి అడ్వాన్సులు వెనక్కివ్వాలి. ఆ డబ్బు నీ జేబులోంచి పెట్టాలి."

"నేనెందుకు పెట్టాలి? తీసుకున్నది నువ్వు!"

"నీ పేరు మీద తీసుకున్నా."

ఇందాక సొమ్ము నీదే పేరూ నీదే అన్నవాడు, అదే మాట ఇప్పుడు ఈ వైపు నుంచి తిప్పి కొడుతున్నాడు. పైగా నా కళ్లలోకి సూటిగా చూస్తున్నాడు. వాళ్లక్క బేరమాడేటప్పుడు అలాగే చూసేది. రెప్ప వేసేది కాదు. ఎదుటివాడికి చెమటలు పట్టేవి.

"అక్కయితే ఇంకా తగ్గించేది నాకు" అన్నాడు.

"మీ అక్కయితే ఇంకా పెంచేది."

"అవును, పెంచేది" అన్నాడు వాడు. నేను గోడ మీది చక్రాలు చూస్తూ కూర్చున్నాను. ఆ అడ్వాన్సులు నేనే భరించాను.

సోమవారం నాటికి షాపు వాడి పేరు మీదికి మారింది. ఆ రోజే గుట్ట కదిలించాడు. సంచుల వాళ్లందరికీ ఫోను చేసి రప్పించాడు. నేను అడ్డు వెనక కూర్చుని విన్నాను. మొదట వచ్చినావిడ గట్టిగా వేసుకుంది. ఇన్నాళ్లు పెట్టుకుని ఇప్పుడా చెప్పేది అంది. వాడు వినీ వినీ, "తిట్టండమ్మా, తప్పు మాదే. కానీ దీనికి లాభం లేదు. నేను కుట్టి మీ దగ్గర డబ్బులు తీసుకోగలను. వారానికి మళ్లీ చిరుగుతుంది. షాపు నాది, పేరు పోయేది నాది" అన్నాడు. ఆవిడ అతుకు మీద వేలు పెట్టి చూసింది. "అంతేనంటావా నాయనా" అంది. సంచి తీసుకుని వెళ్లింది.

ఆవిడ దగ్గర జిప్పు తాళం ఒకటి అమ్మాడు కూడా. ఆవిడకది అవసరమో కాదో నాకు తెలియదు.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక నేను లేచి బల్ల దగ్గరికి వెళ్లాను.

"జీతం సంగతి మాట్లాడుకుందాం" అన్నాను.

"ఎవరికి?"

"నాకు. ఊరికే కుడతాననుకున్నావా?"

పైనుంచి కిందికి చూశాడు. సంచిని చూసినట్టు చూశాడు. "సూదిలో దారం నేనెక్కించాలి. మోకాళ్లు సగం రోజే పనిచేస్తాయి. అన్నం తినగానే మిషను మీద తల పెట్టి గురక. ఎంతనుకుంటున్నావేంటి?"

ఎంతో చెప్పాను.

"అందులో సగం."

"సగమా! మీ అక్క మొగుణ్ణి రా నేను!"

"అందుకే సగమైనా ఇస్తున్నా. బయటివాడైతే అసలు పెట్టుకోను."

"ముప్పావు."

"సగం. టీ మాత్రం షాపు ఖర్చు."

"ఒక పూటా, రెండు పూటలా?"

వాడు ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు, పిసినారి వెధవ. నాకు కడుపు నిండినట్టయింది.

"రెండు పూటలా. కానీ నమస్కారం పెట్టినవాళ్లకి తిరిగి పెట్టాలి. షాపుకి మంచిది."

అది నా చేత కాదన్నాను. ప్రయత్నం చెయ్యమన్నాడు. నేను అడ్డు వెనక్కి వెళ్లి కూర్చుని, దారం ఎక్కించి పెట్టమని కేకేశాను.

"మనిషొచ్చారు బావా, బేరం ఉంది. ఆగు" అన్నాడు.

ఆగాను.